డ్రాగ్ బండికి క్లచ్ ఎట్టా ఎక్కించాలి, ఎట్టా కాపాడుకోవాలి

మనోళ్లు డ్రాగ్ బండి, అంటే లైను మీద నుంచి లేచి తిన్నగా ఉరికే రేసు బండి, కడదామనుకోగానే ముందు పోర్టింగు (ఇంజనులో గాలి దారులు గీకి సరిచేయడం), తర్వాత కార్బరేటరు, ఆ తర్వాత సైలెన్సరు, అన్నీ అయ్యాక జేబులో ఏమన్నా మిగిల్తే అప్పుడు క్లచ్ గురించి ఆలోచిస్తారు. నేనూ అట్టానే చేశా, దాచుకునేదేం లేదు. మా ఒంగోల్లోనే ఒక షెడ్డులో నా యమహా ఆర్ఎక్స్‌కి క్లచ్ స్ప్రింగుల కింద ఒక్కో వాషరేసి "ఇంక జన్మలో జారదు పో" అని పంపించారు. నిజమే, జారలా. విడవను కూడా విడవలా. టాటా ఏస్‌లో ఏసుకుని దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు పోయి శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో లైను మీద నిలబడితే, లివరు గ్రిప్పుకి ఆనేదాకా నొక్కినా బండి ముందుకి పాకతానే ఉంది, బ్రేకేసి పట్టుకుంటే ఇంజను ఆగిపోతా ఉంది. మూడుసార్లు ఆగింది, వెనకోళ్లు నవ్వారు, బండి తోసుకుంటా పక్కకొచ్చేశా.

తర్వాత విప్పి చూస్తే సంగతేందంటే, వాషరు మందంతో స్ప్రింగులు ముందే సగం నలిగి ఉన్నాయి, లివరు నొక్కేసరికి చుట్లు ఒకదాని మీద ఒకటి ఆనుకుపోయి, క్లచ్ ప్లేట్లని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు లేవడానికి ఇంక చోటే లేదు. పది రూపాయల వాషర్ల దెబ్బకి పోనూ రానూ డీజిలు, ఎంట్రీ ఫీజు అన్నీ పెన్నలో కలిసినట్టే. కాబట్టి వాషర్ల పని మాత్రం చేయబాకండి, మిగతాది కింద వరసగా చెప్తా.

ఏం కొనాలో ముందు తేల్చుకోండి

డ్రాగ్ బండిలో క్లచ్‌కి రెండు పనులు. లైను మీద నుంచి లేచేటప్పుడు ఒక సెకను లోపు లెక్కగా జారాలి, లేకపోతే ముందు చక్రం ఆకాశం చూస్తది, లేదా వెనక టైరు ఉన్నచోటే తిరుగుద్ది. ఒకసారి పట్టుకున్నాక క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు అయ్యేదాకా గేరు మార్చేటప్పుడు తప్ప జారకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పడని పనులు, అందుకే ఒట్టి గట్టి స్ప్రింగులేసి ఊరుకుంటే సరిపోదు.

క్లచ్ ఎంత టార్క్ మోస్తదనేది రాసుకునే ముఖాలు ఎన్ని, ఆ మెటీరియల్‌కి పట్టెంత, స్ప్రింగుల నొక్కుడు ఎంత, ప్లేటు సైజెంత అనే వాటి మీద ఉంటది. సైజు మనం మార్చలేం. ఐదు ఫ్రిక్షన్ ప్లేట్లుంటే (రాపిడి పూత ఉండేవి, వాటి మధ్యలో నున్నటి స్టీల్ ప్లేట్లుంటాయి) పది ముఖాలు. సన్న ప్లేట్ల కిట్‌తో ఆరో ప్లేటు పట్టిచ్చారనుకోండి, పన్నెండు ముఖాలు, అంటే మోసే బలం 20 శాతం పెరిగింది, చేతికి లివరు మాత్రం అంతే బరువు. అదే 20 శాతం స్ప్రింగులతో తెచ్చుకోవాలంటే లివరు కూడా 20 శాతం బరువెక్కుద్ది, క్లచ్ వైరు మీద, పుష్ రాడ్డు (ప్రెషర్ ప్లేటుని తోసే కడ్డీ) మీద, దాని బేరింగు మీద కూడా ఆ బరువే పడుద్ది. మీ బండికి ఎక్కువ ప్లేట్ల కిట్ దొరికితే ముందు అటు పోండి, దొరక్కపోతేనే స్ప్రింగులు. స్ప్రింగులు కూడా అన్నీ ఒకేసారి మార్చాలని రూలేం లేదు, ఆరుంటే ఒకటి విడిచి ఒకటి మూడు గట్టివి, నాలుగుంటే ఎదురెదురుగా రెండు. పక్కపక్కన పెడితే మాత్రం ప్రెషర్ ప్లేటు ఒక పక్కకి వంకరగా లేస్తది, అప్పుడు జారుడూ తప్పదు విడవకపోవడమూ తప్పదు.

పెద్ద ఇంజన్ల సంగతి వేరు. వాటికి లాకప్ క్లచ్ అని వస్తది, ప్రెషర్ ప్లేటు మీద చిన్న చిన్న చేతులు, వాటి చివర బరువులు. ఇంజను తిరిగేకొద్దీ ఆ బరువులు బయటికి విసురుకుని ప్లేట్లని ఇంకా గట్టిగా నొక్కుతాయి. ఈ విసురు స్పీడుకి రెట్టింపు లెక్కన పెరగదు, వర్గం లెక్కన పెరుగుద్ది, 5000 ఆర్పీఎం దగ్గర ఉన్న నొక్కుడు 10000 దగ్గర నాలుగింతలన్నమాట. అందుకే స్ప్రింగులు మెత్తగా పెట్టుకుని లైను మీద జారనిచ్చి, పైన బరువుల మీద వదిలేయొచ్చు. స్లైడర్ క్లచ్ అనేది కూడా ఇదే దారిలో ఇంకో నాలుగడుగులు ముందుకి పోయింది, రైడరు లివరు ఒక్కసారి వదిలేస్తే అదే జారి అదే పట్టుకుంటది.

ఈడ చాలామంది తికమక పడేది ఒకటుంది. స్లిప్పర్ వేరు, స్లైడర్ వేరు. 2018లో వచ్చిన యమహా ఆర్15 మూడో వెర్షన్లో ఉండేది అసిస్ట్ అండ్ స్లిప్పర్, అందులో స్లిప్పర్ అనేది గేర్లు తగ్గించేటప్పుడు వెనక చక్రం లాక్ అవకుండా జారేది, లాంచ్‌లో లెక్కగా జారే పని దానిది కాదు. నెల్లూర్లో ఒక తమ్ముడు "అన్నా నా బండికి కంపెనీ నుంచే డ్రాగ్ క్లచ్ వచ్చింది" అంటే ఏం చెప్పాలో తెలీక టీ తాగి వచ్చేశా.

విప్పడం

బండి పూర్తిగా చల్లబడనీయండి. చాలా బండ్లకి క్లచ్ కుడి పక్క ఉంటది కాబట్టి సైడ్ స్టాండ్ మీద ఎడమకి బాగా వాల్చి పెడితే ఆయిలు అంతా కారిపోదు, కానీ నేనైతే ఎట్టాగూ మారుస్తాం గదా అని ముందే ఆయిలు దించేస్తా. దించిన ఆయిలు పారబోయబాకండి, తెల్ల గిన్నెలో పోసి ఎండలో చూడండి. నల్లగా మాడు వాసన వస్తే ప్లేట్లు కాలాయి, వెండి రజను లాగా మెరుస్తా ఉంటే అల్యూమినియం, అంటే బాస్కెట్టో (ప్లేట్లు కూర్చునే బయటి గిన్నె) హబ్బో (వాటి లోపలి చక్రం) అరుగుతోంది.

కిక్ రాడ్డు, బ్రేక్ పెడల్ తీసి కవరు బోల్టులు విప్పాలి. ఆర్ఎక్స్ వాళ్లకి ఆయిల్ పంపు కూడా ఆ కవరుకే ఉంటది, దాని వైరూ పైపులూ జాగ్రత్త. కవరు బోల్టులు పొడుగూ పొట్టీ ఉంటాయి, ఒక అట్ట ముక్క మీద కవరు బొమ్మ గీసి బోల్టు ఎక్కడిది అక్కడే గుచ్చండి. కవరు రాకపోతే స్క్రూడ్రైవరు పెట్టి తిప్పబాకండి, ప్లాస్టిక్ సుత్తితో చుట్టూ తట్టండి, వచ్చేస్తది.

స్ప్రింగు బోల్టులు ఒకటి పూర్తిగా విప్పేసి ఇంకోదానికి పోకూడదు. ఎదురెదురుగా అర చుట్టు, అర చుట్టు విప్పుకుంటా పోవాలి. ప్లేట్లు తీసేటప్పుడు వచ్చిన వరస వచ్చినట్టు ఒక బట్ట మీద పేర్చి ఫోన్లో ఫోటో తీసుకోండి. లోపల చివర్లో కొన్ని బండ్లకి జడ్డర్ స్ప్రింగ్ అని గిన్నె లాగా వంగిన సన్న రింగుంటది, అది ఏ పక్కకి వంగి ఉందో ఫోటో తప్పనిసరి. ప్లేట్లు మార్చడానికే అయితే హబ్బు నట్టు విప్పే పనే లేదు. బాస్కెట్ కూడా తీయాలంటే మాత్రం హబ్బు పట్టుకునే టూలు కొనుక్కోండి, గేర్ల మధ్యలో నాణెం దూర్చి తిప్పే పద్ధతి మన షెడ్లలో చాలా ఉంది గానీ పన్ను విరిగితే ఆ నాణెం ఎంత ఖరీదో తెలుస్తది.

చీమకుర్తి రాయి మీద పరీక్ష

ఇది మాత్రం మన ప్రకాశం వాళ్లకే ఉన్న వసతి. స్టీల్ ప్లేటు వంకర పోయిందా లేదా చూడాలంటే పక్కా చదునుగా ఉండే పలక కావాలి. పెద్ద వర్క్‌షాపుల్లో సర్ఫేస్ ప్లేటని గ్రానైటుదే వాడతారు, బోలెడు రేటు. మనకి చీమకుర్తి పోతే పాలిష్ యూనిట్ల బయట బ్లాక్ గెలాక్సీ ముక్కలు విరిగినవి పడి ఉంటాయి, అడిగితే ఊరకే ఇచ్చేస్తారు. నేను అడుగున్నర పలక ఒకటి తెచ్చుకున్నా. దాన్ని ముందు ఒక మంచి స్టీల్ స్కేలు అంచుతో అటూ ఇటూ ఐమూలగా పెట్టి వెలుతురు దూరుతుందేమో చూసుకున్నా, పని జరిగేంత చదునుగానే ఉంది. ఫ్యాక్టరీ పలకతో సమానం అననుగానీ, టేబుల్ అద్దం మీద చూసేదానికంటే నయం.

స్టీల్ ప్లేటుని తుడిచి దాని మీద పెట్టి, వేలితో ఒక పక్క మెల్లగా నొక్కితే ఇంకో పక్క టిక్కుమని లేచిందంటే వంగినట్టే. శబ్దం కూడా తెలుస్తది, చదునైన ప్లేటు రాయి మీద పెడితే ఊపిరాడనట్టు మెత్తగా కూర్చుంటది, వంగింది పళ్లెం లాగా గలగలంటది. తర్వాత ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) చుట్టూ దూర్చి చూడండి. బండిని బట్టి మాన్యువల్లో 0.1 నుంచి 0.3 ఎంఎం దాకా ఒప్పుకుంటారు, డ్రాగ్ బండికి నేను 0.1 దాటితే పక్కన పడేస్తా. నీలం రంగు తిరిగిన ప్లేటైతే చదునుగా ఉన్నా వద్దు, అది ఒకసారి బాగా ఉడికింది, మళ్లీ వేడెక్కితే వంగుద్ది.

ఫ్రిక్షన్ ప్లేట్లని వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి, ఒక్కచోట కొలిచి బాగుందనుకోబాకండి. మందం లిమిట్ మీ బండి మాన్యువల్లో ఉంటది. ముఖం అద్దంలా మెరుస్తా ఉంటే గ్లేజ్ అయిందన్నమాట, ఎమిరీ పేపరు రాయి మీద పరిచి ఎనిమిది అంకె ఆకారంలో నాలుగు తిప్పులు తిప్పితే ఆ పూటకి పనికొస్తది, అంతకుమించి నమ్మబాకండి.

బాస్కెట్ వేళ్లు చూడండి. ప్లేట్ల చెవులు కొట్టీ కొట్టీ అల్యూమినియంలో మెట్లు మెట్లుగా గాట్లు పడతాయి. లివరు వదిలినప్పుడు ప్లేట్లు ఆ గాట్లలో ఇరుక్కుని ఆగి ఆగి జారతాయి, దాంతో లాంచ్ ఎప్పుడూ ఒకేలా రాదు. చిన్న గాట్లయితే సన్న ఆకురాయితో నున్నగా చేయొచ్చు, లోతువైతే బాస్కెట్ మార్చడమే, ఎక్కువ ఆకురాయి పెడితే సందు పెరిగి ఇంకా గట్టిగా కొట్టుకుంటాయి. పుష్ రాడ్డు చివర పుట్టగొడుగులా పరుచుకుందేమో కూడా చూడండి, గట్టి స్ప్రింగులేసిన బండికి ఇది మామూలే.

ఎక్కించడం

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని మీరు పోయబోయే ఆయిల్లోనే రాత్రంతా నానబెట్టండి, టైము లేకపోతే కనీసం రెండు గంటలు. మా అమ్మ పాత బేసిన్ ఒకటి దీనికే పోయింది. పొడిగా ఎక్కించి స్టార్ట్ చేస్తే ముఖం మాడిపోవచ్చు.

ముందు ఫ్రిక్షన్, తర్వాత స్టీలు, మళ్లీ ఫ్రిక్షన్, ఇట్టా పోయి చివర మళ్లీ ఫ్రిక్షనే రావాలి. స్టీల్ ప్లేటు అంచు వేలితో తడిమితే ఒక పక్క పదునుగా ఇంకో పక్క గుండ్రంగా ఉంటది, అన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. కొన్ని బండ్లకి చివరి ఫ్రిక్షన్ ప్లేటు చెవులు బాస్కెట్లో మిగతా వాటితో కలవకుండా పక్కనుండే చిన్న గాడిలో కూర్చోవాలి, మీరు తీసిన ఫోటో ఇప్పుడు అక్కరకొస్తది. జడ్డర్ స్ప్రింగ్ తీసేసి దాని చోట మామూలు ప్లేటు వేసేవాళ్లున్నారు, పట్టు పెరుగుద్ది, కానీ లైను మీద వదిలేటప్పుడు చేతికి వణుకు తెలుస్తది, కొత్తవాళ్లు దాని జోలికి పోబాకండి.

మొత్తం పేర్చిన ప్లేట్ల ఎత్తు కొలిచి పాత ఎత్తుతో పోల్చండి. ఎత్తు ఎక్కువైతే స్ప్రింగులు ఎక్కువ నలిగి నా వాషర్ల కథే మళ్లీ వస్తది, తక్కువైతే నొక్కుడు చాలదు. వేరే మందం స్టీల్ ప్లేటు ఒకటి మార్చి సరిచేసుకోవచ్చు. లాకప్ కిట్లలో ప్లేట్ల మధ్య సందు ఎంతుండాలో కిట్‌తో వచ్చే కాగితంలో రాసుంటది, ఆ కాగితం డబ్బాతో పాటు పారేయబాకండి.

ప్రెషర్ ప్లేటు పళ్లు హబ్బు గాడుల్లో సరిగ్గా దిగాయా లేదా చేత్తో నొక్కి తిప్పి చూడండి. దిగకుండానే బోల్టులు బిగిస్తే అంతా బిగిసినట్టే ఉంటది, తీరా చూస్తే క్లచ్ అసలు పట్టదు. బోల్టులు మళ్లీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. సాధారణంగా ఇవి 6 ఎంఎం బోల్టులు, 8 నుంచి 12 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) మధ్యే చాలు. టార్క్ రెంచ్ లేక చేతి అంచనాతో బిగిచ్చి నేను హబ్బు స్తంభం ఒకటి విరగ్గొట్టా, టక్ మన్న శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. హబ్బే మార్చాల్సొచ్చింది, ఆ డబ్బుల్తో రెండు టార్క్ రెంచులొచ్చేవి.

కవరు పెట్టేముందు ఒక్క పని. పుష్ రాడ్డు ఎడమ పక్క నుంచి వచ్చే బండైతే వైరు తగిలించి లివరు నొక్కండి, ప్రెషర్ ప్లేటు చుట్టూ సమానంగా లేస్తుందా, లివరు మొత్తం నొక్కినప్పుడు స్ప్రింగు చుట్ల మధ్య సన్న ఫీలర్ గేజ్ ఇంకా దూరుతుందా చూడండి. దూరకపోతే ఆపేయండి, స్ప్రింగులు మీ బండికి పొడవెక్కువ. రిలీజ్ చేసేది కవరులోనే ఉండే బండ్లకి ఇట్టా చూడటం కుదరదు, వాటికి ఎత్తు కొలతలే దిక్కు.

కవరు ప్యాకింగు కొత్తదేయండి, పాతది గోకేటప్పుడు ముక్కలు లోపల పడకుండా బట్ట అడ్డం పెట్టండి.

వైరు, ఆయిలు

లివరు మొదట్లో, అంటే హ్యాండిల్‌కి బిగించిన చోట, 2–3 ఎంఎం ఖాళీ (ఫ్రీ ప్లే) ఉండాలి, లివరు కొన దగ్గర చూస్తే సుమారు 10–15 ఎంఎం. ఫ్రీ ప్లే గురించి మనోళ్లలో చాలామందికి తెలీని విషయం, చాలా బండ్లలో ప్లేట్లు అరిగేకొద్దీ ఖాళీ తగ్గుద్ది, వేడెక్కితే ప్లేట్లు ఉబ్బి ఖాళీ పెరుగుద్ది. మే నెల ఒంగోలు ఎండలో నాలుగు లాంచ్‌లు కొట్టేసరికి లివరు వదులుగా ఊగుతా ఉంటది, క్లచ్ సరిగ్గా విడవదు. మనం వెంటనే అడ్జస్టరు తిప్పి ఖాళీ తీసేస్తాం. సాయంత్రం చల్లబడ్డాక ఆ ఖాళీ సున్నా అయిపోద్ది, రెండో రోజు పొద్దున్నే మొదటి రన్నులో జారుద్ది. వేడి మీద ఎన్ని చుట్లు తిప్పారో లెక్క పెట్టుకోండి, చల్లారాక అన్ని చుట్లూ వెనక్కి తిప్పండి.

ఆయిలు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొస్తదని చెప్పే గుర్తు అది. కావలిలో మా వాడొకడు షాపాయన "ఇది ఇంకా ఖరీదైంది, ఇంకా మంచిది" అంటే కారు ఆయిలు పోయించుకున్నాడు. అందులో రాపిడి తగ్గించే మందులుంటాయి, మనకి కావాల్సిందేమో రాపిడే. మూడో గేరులో ఆర్పీఎం అరుస్తా పోతోంది, బండి మాత్రం ఆడే ఉంది. రెండుసార్లు ఆయిలు మార్చినా తగ్గలా, చివరికి ప్లేట్లు మార్చాడు. టూ స్ట్రోక్ వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, పెట్రోల్లో కలిసే టూటీ ఆయిలు వేరు, గేర్‌బాక్స్ ఆయిలు వేరు, క్లచ్ ఉండేది రెండోదాన్లో.

కొత్త ప్లేట్లని అలవాటు చేయడం, లాంచ్, బండి చెప్పే మాట వినడం

కొత్త ప్లేట్లని మొదటి రోజే చంపబాకండి. సగం యాక్సిలేటరుతో ఐదారుసార్లు మెల్లగా లేపి, ప్రతిసారీ చల్లారనిచ్చి, ఫ్రీ ప్లే మళ్లీ చూసుకుని అప్పుడు గట్టిగా కొట్టండి. ఇదంతా మూసిన ట్రాకులో, లేదా అనుమతి తీసుకున్న స్థలంలోనే. కొత్త క్లచ్ ఎక్కింది గదా అని హైవే మీద కావలి దాకా చూసొద్దాం అనేవాళ్లకి చెప్తున్నా, మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద రోడ్డు మీద రేసింగుకి మొదటిసారి 5000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. అదట్టా పెట్టండి, ఎదురు వచ్చే గ్రానైట్ లారీకి మన క్లచ్ సంగతి తెలీదు.

లైను మీద ఒకే ఆర్పీఎం పట్టుకుని లివరు ఒక్క కదలికలో వదలాలి, వదిలీ పట్టీ వదిలీ పట్టీ చేస్తే ప్లేట్లు కాలిపోతాయి. గేరులో లివరు నొక్కి పట్టుకుని లైట్ల కోసం రేజ్ చేస్తా ఎక్కువసేపు నిలబడటం కూడా మంచిది కాదు. మొదటి 60 అడుగుల టైము చూస్తే క్లచ్ సంగతి అంతా ఆడే తెలిసిపోద్ది. ముందు చక్రం లేస్తుంటే లాంచ్ ఆర్పీఎం తగ్గించండి లేదా స్ప్రింగు మెత్తది వేయండి. బండి మూలుగుతా ఇంజను ఆర్పీఎం పడిపోతుంటే క్లచ్ ముందే పట్టేస్తోంది. ముందు బాగానే ఉండి పై గేర్లలో ఆర్పీఎం లేచిపోతుంటే నొక్కుడు చాల్లేదు, లాకప్ ఉంటే బరువు పెంచండి, లేకపోతే స్ప్రింగు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మూడు మార్చి బాగైంది అంటే ఏది బాగు చేసిందో మీకే తెలీదు. రన్నుకీ రన్నుకీ మధ్య కనీసం పదిహేను నిమిషాలు చల్లారనీయండి.

ట్రాకు నుంచి వచ్చాక

ప్రతి ట్రాక్ రోజు తర్వాత ఆయిలు మార్చాల్సిందే, రంగు బాగానే ఉంది గదా అని మళ్లీ వాడబాకండి, క్లచ్ రజనంతా అందులోనే ఉంటది. వైరు రెండు చివర్లా పీచు తెగిందేమో చూసి, లోపలికి నాలుగు చుక్కలు ఆయిలు దించండి. గట్టి స్ప్రింగులకి వైరు ఎప్పుడు తెగుద్దో చెప్పలేం, ఇంకోటి ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. దాంతో పాటు ప్లేట్ల సెట్టు ఒకటి నానబెట్టి ఆయిలుతో సహా మూత గట్టిగా ఉండే డబ్బాలో, కవరు ప్యాకింగు ఒకటి, రెండు స్ప్రింగు బోల్టులు. రెండు మూడు ఈవెంట్లకొకసారి కవరు తీసి ప్లేట్లు కొలిచి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, ఏ తేదీకి ఎంత మందం, ఏ స్ప్రింగులు, 60 అడుగులు ఎంతలో పోయింది. నా పుస్తకం మొదటి పేజీలో ఆ వాషర్ ఒకటి అంటించి పెట్టుకున్నా.

ఆదివారం రాత్రి ట్రాకు నుంచి బయల్దేరితే గూడూరు, నెల్లూరు దాటి ఒంగోలు చేరేసరికి తెల్లారిపోద్ది, నిద్రమత్తులో బండి దించి ఇంట్లో పడిపోతాం. లేచాక ఇంజను స్టార్ట్ చేయకముందే లివరు దగ్గర ఖాళీ ఒకసారి చూసుకోండి, ట్రాకులో తిప్పిన చుట్లు ఇంకా అట్టానే ఉంటాయి.